రింగ్‌లో ఇరుక్కున్న ప్యాకెట్: నెట్‌వర్క్ డ్రైవర్‌లో ట్రాన్స్‌మిట్ బఫర్‌ని డీబగ్ చేయడం ఎలా

బోర్డుకి పింగ్ కొడితే జవాబు రాదు. సీరియల్ కన్సోల్‌లో లాగిన్ అయి వచ్చేపోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెడితే మాత్రం, ఈ ఐపీ ఎవరిదని పక్క మెషీన్ అడిగే ఏఆర్‌పీ ప్రశ్నలు వరసగా వచ్చి పడుతుంటాయి. చెవులు బాగానే ఉన్నాయి, నోరు పడిపోయింది. ఇంటర్‌ఫేస్‌ని ఒకసారి డౌన్ చేసి అప్ చేస్తే అంతా మామూలే. ఓ గంటకి మళ్లీ అదే తంతు.

ఇది మీకు తెలిసిన కథే అయితే, పంపాల్సిన ప్యాకెట్లు వరసకట్టే ట్రాన్స్‌మిట్ రింగ్ సైజు పెంచే పని మాత్రం ఇప్పుడే చేయకండి. ఒకప్పుడు నేనదే చేశాను. మా బోర్డులో ట్రాన్స్‌మిట్ రింగ్‌కి 64 డిస్క్రిప్టర్లు, అంటే ప్యాకెట్ ఎక్కడుందో రాసే గడులు, ఉండేవి. వాటిని 512 చేసి, బగ్గు పోయిందని టికెట్ మూసేశాను. పది రోజులకి అదే టికెట్ మళ్లీ తెరుచుకుంది. గంటకోసారి ఆగేది కాస్తా మూడు రోజులకోసారి ఆగుతోంది. నేను బాగుచేసిందేమీ లేదు, దొరికే బగ్గుని దొరకకుండా చేసుకున్నానంతే.

కింద చెప్పేదంతా లైనక్స్ కెర్నల్ డ్రైవర్ల గురించి. ఫంక్షన్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను, పదాల మధ్య అండర్‌స్కోర్ మీరే పెట్టుకోండి.

## ముందు లెక్క

ఇంటికి వాటర్ క్యాన్లు వేసే షాపు సంగతి మీకు తెలుసు. నిండు క్యాన్ ఇంటికెళ్తుంది, ఖాళీ క్యాన్ షాపుకి తిరిగొస్తుంది. ఖాళీలు రాకపోతే షాపులో నీళ్లున్నా పంపడానికి క్యాన్ ఉండదు. షాపులోవి, బండి మీదివి, ఇళ్లలోవి కలిపితే మొత్తం సంఖ్య తేలాలి. తేలలేదంటే ఎక్కడో ఒక క్యాన్ గల్లంతైనట్టే.

ట్రాన్స్‌మిట్ రింగ్ కూడా అంతే. డ్రైవర్ ఒక ప్యాకెట్ తీసుకుని, దాని అడ్రసుని డీఎంఏకి, అంటే కార్డు నేరుగా మెమరీలోంచి చదువుకోవడానికి, మ్యాప్ చేసి, డిస్క్రిప్టర్‌లో రాసి కార్డుకి అప్పగిస్తుంది. కార్డు పంపేశాక ఆ డిస్క్రిప్టర్‌ని తిరిగిస్తుంది. అప్పుడు డ్రైవర్ అన్‌మ్యాప్ చేసి, ప్యాకెట్‌ని మోసే ఎస్‌కేబీ అనే కెర్నల్ బఫర్‌ని విడుదల చేస్తుంది. ఈ లెక్క నడిపేది నాలుగు అంకెలు. డ్రైవర్ దగ్గర రెండు: కొత్తది ఎక్కడ రాయాలో చెప్పే నెక్స్ట్ టు యూజ్, ఎక్కడి నుంచి శుభ్రం చేయాలో చెప్పే నెక్స్ట్ టు క్లీన్. కార్డు రిజిస్టర్లలో రెండు: తను ఎక్కడిదాకా చదివిందో చెప్పే హెడ్, డ్రైవర్ ఎక్కడిదాకా రాశానని చెప్పిందో ఆ టెయిల్. ఇంటెల్ కార్డుల్లో వీటినే టీడీహెచ్, టీడీటీ అంటారు.

ఇంకో చిన్న సంగతి. చాలా డ్రైవర్లు రింగ్‌లో ఒక గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తాయి. లేకపోతే రెండు సూచికలూ కలిసినప్పుడు రింగ్ నిండిందా, ఖాళీగా ఉందా తెలియదు. మీ డ్రైవర్‌లో ఖాళీలు లెక్కపెట్టే ఫంక్షన్ చివర్లో మైనస్ ఒకటి లేకపోతే, సగం రోజు పని అక్కడే ఆదా కావచ్చు.

## రీసెట్‌కి ముందే ఫొటో తీయండి

కెర్నల్ లాగ్‌లో నెట్‌డెవ్ వాచ్‌డాగ్, ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్ అనే మాటలు కనిపించాయా? డ్రైవర్‌కి ప్యాకెట్లు అందించే క్యూ ఆపి ఉండి, చివరి ప్యాకెట్ పంపి నిర్ణీత సమయం దాటితే ఆ మాట పడుతుంది. డ్రైవర్ వేరే విలువ పెట్టకపోతే ఆ సమయం 5 సెకన్లు. వెంటనే కెర్నల్ మీ డ్రైవర్‌లోని టీఎక్స్ టైమవుట్ ఫంక్షన్‌ని పిలుస్తుంది. చాలా డ్రైవర్లు అక్కడ చేసేది కార్డుని రీసెట్ చేయడమే. దాంతో సాక్ష్యం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

అందుకని మొదటి పని ఇది. ఆ ఫంక్షన్‌లో రీసెట్‌కి పై లైన్లో నాలుగు అంకెలూ ప్రింట్ చేయించండి. క్యూ స్టేట్ కూడా ప్రింట్ చేయండి: అందులో మొదటి బిట్ ఉంటే ఆపింది డ్రైవర్, రెండో బిట్ ఉంటే ఆపింది బైట్ క్యూ లిమిట్స్, అంటే కార్డుకి ఒకేసారి ఎన్ని బైట్లు అప్పగించాలో కట్టడి చేసే కెర్నల్ భాగం. కార్డులో హెడ్ రిజిస్టర్ లేకపోతే, క్లీన్ నుంచి యూజ్ దాకా ఉన్న ప్రతి డిస్క్రిప్టర్ స్టేటస్‌నీ ప్రింట్ చేసి, అది ఇంకా కార్డు చేతిలోనే ఉందని చెప్పే ఓన్ బిట్ ఎక్కడిదాకా దిగిందో చూడండి. ఇంటెల్ ఈ1000ఈ డ్రైవర్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్ అని మొరపెట్టుకునేటప్పుడు సరిగ్గా ఇవే అంకెలు, హెక్సాలో, ప్రింట్ చేస్తుంది. ఆ కోడ్‌ని నమూనాగా పెట్టుకోండి.

వాచ్‌డాగ్ అరవలేదు కాబట్టి అంతా బాగుందనుకోవద్దు. డ్రైవర్‌లో టీఎక్స్ టైమవుట్ ఫంక్షన్ లేకపోతే వాచ్‌డాగ్ మొదలే కాదు. క్యూ ఆపకుండానే నాలుగు ప్యాకెట్లు రింగ్‌లో కూర్చుండిపోయినా అది పట్టించుకోదు. చాలా కెర్నల్స్‌లో ఆ పొడుగాటి ట్రేస్ బూట్‌కి ఒక్కసారే పడుతుంది కూడా. ఎన్నిసార్లు జరిగిందో తెలియాలంటే స్లాష్ సిస్ కింద ఉండే సిస్ఎఫ్ఎస్‌లో ఇంటర్‌ఫేస్ కింద క్యూస్, టీఎక్స్-0 ఫోల్డర్‌లో ఉన్న టీఎక్స్ టైమవుట్ ఫైలు చదవండి.

## కోడ్ తెరవకముందు బయటి నుంచి మూడు చూపులు

టీసీపీడంప్‌ని బోర్డు మీదే నడపండి. బయటికెళ్లే ప్యాకెట్‌ని అది డ్రైవర్ చేతికిచ్చే ముందు క్షణంలో చూస్తుంది. కాబట్టి మన ఏఆర్‌పీ జవాబు అందులో కనిపించి, అవతలి మెషీన్‌లో కనిపించలేదంటే ప్యాకెట్ డ్రైవర్ దాకా వచ్చింది, ఆ తర్వాతే పోయింది. అసలు కనిపించనే లేదంటే అది ఇంకా పైన, డ్రైవర్‌కి వెళ్లేముందు ప్యాకెట్లు నిలబడే క్యూ డిసిప్లిన్‌లోనే ఆగి ఉంది.

రెండోది టీసీ కమాండ్. స్మాల్ ఎస్ ఆప్షన్‌తో క్యూడిస్క్, అంటే ఆ క్యూ డిసిప్లిన్, గణాంకాలు అడగండి. బ్యాక్‌లాగ్ పెరిగి కదలకుండా ఉంటే క్యూ ఆగింది. రీక్యూస్ అనే అంకె గబగబా పెరుగుతుంటే, డ్రైవర్ నెట్‌డెవ్ టీఎక్స్ బిజీ అంటూ ప్యాకెట్లని వెనక్కి తోస్తోందేమో చూడాలి. మామూలు పరిస్థితుల్లో అలా తోయకూడదని కెర్నల్ డాక్యుమెంటేషన్ స్పష్టంగానే చెబుతుంది. రింగ్ నిండబోతున్నప్పుడే క్యూ ఆపేయాలి గానీ, నిండాక ప్యాకెట్ వచ్చినప్పుడు కాదు.

మూడోది చాలామంది చూడనిది. ఎస్ఎస్ కమాండ్‌ని ఎమ్ ఆప్షన్‌తో నడిపితే ప్రతి సాకెట్‌కీ ఎస్‌కేమెమ్ అని బ్రాకెట్లలో కొన్ని అంకెలు వస్తాయి. అందులో టీ అనేది ఇంకా విడుదల కాని పంపే మెమరీ, టీబీ దాని పరిమితి. డిఫాల్ట్‌గా చాలాచోట్ల 212992 బైట్లు. బ్యాక్‌లాగ్ సున్నా, ట్రాఫిక్ ఏమీ లేదు, అయినా టీ విలువ సున్నాకి దిగట్లేదంటే ఆ ఎస్‌కేబీలు మీ డ్రైవర్ చేతిలోనే ఉండిపోయాయి. ఇంటరప్టులు తగ్గించాలని, కొత్త ప్యాకెట్ వచ్చినప్పుడే పాతవి శుభ్రం చేసే డ్రైవర్లు రాస్తారు కొందరు. కొత్త ప్యాకెట్ రాకపోతే పాతవి ఎప్పటికీ విడుదల కావు. అప్లికేషనేమో పాతవి విడుదలైతే గానీ కొత్తది పంపలేదు. ఎవరికోసం ఎవరు ఎదురుచూస్తున్నారో తెలియకుండా ఇద్దరూ కూర్చుంటారు.

ఇంకో సులువైన పరీక్ష: డ్రైవర్ బైట్ క్యూ లిమిట్స్ వాడుతుంటే, అదే టీఎక్స్-0 ఫోల్డర్‌లోని బైట్ క్యూ లిమిట్స్‌లో ఇన్‌ఫ్లైట్ ఫైలు ఉంటుంది. ట్రాఫిక్ ఆపి రెండు సెకన్లాగి చూడండి. సున్నా కావాలి. 1514 కనిపించి అక్కడే ఉండిపోయిందంటే నిండు సైజు ప్యాకెట్ ఒకటి లెక్కకి రాలేదు.

## నాలుగు అంకెలు ఏం చెబుతాయి

ఇప్పుడు ప్రింట్ చేయించిన అంకెలు చదవండి. కారణం ఏ వైపుందో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

యూజ్ ముందుకెళ్లింది, టెయిల్ వెనకే ఉంది: డిస్క్రిప్టర్ రాశారు గానీ డోర్‌బెల్ కొట్టలేదు, అంటే టెయిల్ రిజిస్టర్ రాసి కార్డుకి కబురు చెప్పలేదు. 2014లో వచ్చిన 3.18 కెర్నల్ నుంచి ఎక్స్‌మిట్ మోర్ అనే సౌకర్యం ఉంది. వెనకాల ఇంకో ప్యాకెట్ వస్తోందని చెబితే డ్రైవర్ డోర్‌బెల్‌ని వాయిదా వేసుకోవచ్చు. వచ్చే చిక్కల్లా ఆ వెనకాల ప్యాకెట్ దగ్గరే. అది మ్యాపింగ్ ఫెయిలై డ్రాప్ అయిందనుకోండి, లేదా ఈలోపు క్యూ ఆగిందనుకోండి, డోర్‌బెల్ కొట్టాల్సిన బాధ్యత గాల్లో ఉండిపోతుంది. ఎస్‌కేబీని వదిలేసి వెనక్కి తిరిగే ప్రతి దారిలోనూ, క్యూ ఆపే ప్రతి చోటా వాయిదా పడ్డ డోర్‌బెల్ కొడుతున్నారా అని వెతకండి.

టెయిల్ ముందుంది, హెడ్ కదలట్లేదు: కార్డే ఆగింది. డ్రైవర్‌ని అనుమానించే ముందు ఈథ్‌టూల్ కమాండ్‌కి క్యాపిటల్ ఎస్ ఇచ్చి గణాంకాలు తీసి, వచ్చిన పాజ్ ఫ్రేముల అంకె చూడండి. అవతలి స్విచ్ ఆగమని ఫ్లో కంట్రోల్ పంపుతుంటే కార్డు బుద్ధిగా ఆగుతుంది, తిట్లు మాత్రం డ్రైవర్‌కి పడతాయి. క్యాపిటల్ ఏ ఆప్షన్‌తో ఫ్లో కంట్రోల్ తీసేసి మళ్లీ ప్రయత్నించండి. అది కాకపోతే హెడ్ ఆగిన డిస్క్రిప్టర్‌ని బైట్ బైట్‌గా చదవండి. పొడవు సున్నా ఉందా, అడ్రసు డీఎంఏ అడ్రసేనా, ప్యాకెట్ చివరి ముక్కకి ముగింపు బిట్ ఉందా.

అన్నీ సరిగ్గా ఉండి, ఆర్మ్ బోర్డు మీద మాత్రమే ఆగుతోందా? అయితే రాతల వరుస చూడండి. మొదట అడ్రసు, పొడవు. తర్వాత, రాతల వరుస తారుమారు కాకుండా ఆపే డీఎంఏ డబ్ల్యూఎంబీ బ్యారియర్. ఆ తర్వాతే ఓన్ బిట్. ప్యాకెట్ నాలుగు ముక్కలైతే మొదటి ముక్క ఓన్ బిట్ అన్నిటికన్నా చివర రాయాలి. లేకపోతే మిగతావి సిద్ధం కాకముందే కార్డు మొదలుపెట్టేస్తుంది. ఎక్స్86 మీద ఈ తప్పు ఏళ్ల తరబడి కనబడకుండా దాక్కోగలదు.

హెడ్, టెయిల్ కలిసిపోయాయి, క్లీన్ మాత్రం వెనకుంది: కార్డు తన పని చేసేసింది, కబురు మీకు చేరలేదు. స్లాష్ ప్రాక్ స్లాష్ ఇంటరప్ట్స్‌లో ఆ లైను అంకె పెరుగుతోందా చూడండి. పెరగకపోతే, న్యాపీ, అంటే ఇంటరప్ట్ వచ్చాక రింగ్‌ని శుభ్రం చేసే కెర్నల్ పద్ధతి, పూర్తయ్యాక ఇంటరప్ట్‌ని తిరిగి ఎనేబుల్ చేసే చోట వరుస తప్పి ఉండొచ్చు.

ఇక నాలుగోది, నన్ను ఏడిపించింది. నాలుగు అంకెలూ ఒకటే. రింగ్ పూర్తిగా ఖాళీ. అయినా క్యూ ఆగి ఉంది, స్టేట్ విలువ 1.

## ఖాళీ రింగ్, ఆగిన క్యూ

ఇది రెండు సీపీయూల మధ్య జరిగే పని. మెల్లగా చూద్దాం.

సున్నా నంబర్ సీపీయూ మీద, ప్యాకెట్ పంపే స్టార్ట్ ఎక్స్‌మిట్ ఫంక్షన్ నడుస్తోంది. ప్యాకెట్ రాసి, తర్వాతి దానికి చోటుందా అని లెక్క చూసింది. లేదు. క్యూ ఆపాలని నిర్ణయించుకుంది, ఇంకా ఆపలేదు. సరిగ్గా ఆ సందులో ఒకటో నంబర్ సీపీయూ మీద న్యాపీ నడిచి రింగ్ మొత్తం శుభ్రం చేసేసింది. చివర్లో, క్యూ ఆగి ఉంటే లేపుదామని చూసింది. ఆగి లేదు కాబట్టి లేపకుండా వెళ్లిపోయింది. ఇప్పుడు సున్నా నంబర్ సీపీయూ క్యూ ఆపింది. రింగ్‌లో ప్యాకెట్లు లేవు కాబట్టి ఇక ఇంటరప్ట్ రాదు. ఇంటరప్ట్ రాదు కాబట్టి లేపేవాళ్లు లేరు. ఐదు సెకన్లకి వాచ్‌డాగ్ వచ్చి రీసెట్ చేసేదాకా అంతే.

మందు చిన్నదే. క్యూ ఆపాక ఎస్ఎంపీ ఎంబీ బ్యారియర్ పెట్టి, ఖాళీలు మళ్లీ లెక్కపెట్టండి. ఈలోపు చోటు దొరికితే క్యూని వెంటనే తిరిగి మొదలుపెట్టండి. ఇదొక సగం. శుభ్రం చేసే వైపు రెండో సగం ఉంది: ముందు నెక్స్ట్ టు క్లీన్ విలువ రాయాలి, తర్వాత బ్యారియర్, ఆ తర్వాతే క్యూ ఆగి ఉందా అని చూడాలి. ఒకవైపే పెట్టి ఊరుకుంటే సందు ఇరుకవుతుంది గానీ మూసుకుపోదు. నేను మొదట చేసింది అదే, ఇంకో వారం పోయింది. కొత్త కెర్నల్స్‌లో ఈ వరుసంతా నెట్‌డెవ్ క్యూస్ హెడర్‌లో మ్యాక్రోలుగా ఉంది. కొత్తగా రాస్తున్నవాళ్లు వాటినే వాడటం మంచిది.

చోటుందా అంటే ఎంత చోటు? చాలా డ్రైవర్ల తప్పు ఈ ప్రశ్న దగ్గరే. ఒక డిస్క్రిప్టర్ ఖాళీ ఉందా అని చూస్తారు, వచ్చే ప్యాకెట్ ఐదు ముక్కలుగా ఉంటుంది. నాలుగు కేబీ పేజీలున్న కెర్నల్‌లో ఒక ఎస్‌కేబీకి మామూలుగా 17 ఫ్రాగ్మెంట్ల దాకా ఉండొచ్చు. తల ముక్కతో కలిపి 18. పెద్ద ప్యాకెట్‌ని కార్డే చిన్నవిగా విడగొట్టే టీఎస్ఓకి అదనంగా ఒక కాంటెక్స్ట్ డిస్క్రిప్టర్ అడిగే కార్డులూ ఉన్నాయి. అలా లెక్కేస్తే మా 64 గడుల రింగ్‌లో పట్టేవి అలాంటి ప్యాకెట్లు మూడే. ఈ అనుమానం ఉంటే ఈథ్‌టూల్ క్యాపిటల్ కే తో, ముక్కల్ని విడివిడిగా కార్డుకిచ్చే స్కాటర్ గ్యాదర్, టీఎస్ఓ రెండూ ఆపేసి చూడండి. సమస్య మాయమైతే ముక్కల లెక్కలోనే తేడా ఉంది.

## మెమరీ కారిపోతుంటే

ప్యాకెట్లు పోతూనే ఉన్నాయి, కానీ రెండు రోజులకి మెమరీ అయిపోతోంది. లేదా కెర్నల్ ఎక్కడో సంబంధం లేని చోట పడిపోతోంది. అప్పుడు చూడాల్సింది తప్పులు జరిగే దారులు. కెర్నల్‌ని డీఎంఏ ఏపీఐ డీబగ్, కారిపోయిన మెమరీని వెతికే కేమెమ్‌లీక్ ఆప్షన్లతో బిల్డ్ చేయండి. మ్యాప్ చేశాక ఎర్రర్ చూసుకోకపోయినా, ఒక సైజుతో మ్యాప్ చేసి ఇంకో సైజుతో అన్‌మ్యాప్ చేసినా, పాత కెర్నల్స్‌లో అయితే సింగిల్‌గా మ్యాప్ చేసి పేజీగా విప్పినా మొదటిది పేరుపెట్టి చెబుతుంది. మూడో ముక్క మ్యాపింగ్ ఫెయిలైతే మొదటి రెండూ విప్పుతున్నారా? ఈ కోడ్ ఆఫీసులో ఎవరి మెషీన్ మీదా ఎప్పుడూ నడిచి ఉండదు. తప్పులుండేది అక్కడే.

రెండుసార్లు విడుదల చేసే బగ్గుకి ఒక పేరుమోసిన చోటుంది: చిన్న ప్యాకెట్లకి ప్యాడింగ్. చెక్‌సమ్ కాకుండా ఈథర్నెట్ ఫ్రేము కనీసం 60 బైట్లుండాలి. కార్డు తనంతట తను నింపకపోతే డ్రైవర్ ఎస్‌కేబీ పుట్ ప్యాడ్‌టూ పిలవాలి. అది ఫెయిలైతే ఎస్‌కేబీని తనే విడుదల చేసేస్తుంది. ఆ సంగతి తెలియక మీరూ విడుదల చేశారో, చచ్చిన పాముని మళ్లీ చంపినట్టు కాదు, అది లేచి కరుస్తుంది. ఇక ప్యాడింగే చేయకుండా పొడవు మాత్రం 60 అని రాసేస్తే, ప్యాకెట్ వెనకాల మెమరీలో ఏముంటే అది వైరు మీదకి పోతుంది. 2003లో ఈథర్‌లీక్ పేరుతో బయటపడింది ఇదే. చాలా ఈథర్నెట్ డ్రైవర్లకి కలిపి సీవీఈ-2003-0001 అనే నంబరిచ్చారు.

## బగ్గుని రప్పించడం

మూడు రోజులకోసారి వచ్చే బగ్గుని బాగుచేశామని తేల్చడానికి మూడు వారాలు కావాలి. అందుకే రింగ్‌ని చిన్నది చేయండి. ఈథ్‌టూల్ క్యాపిటల్ జీతో మీ డ్రైవర్ ఒప్పుకునే కనిష్ఠానికి దించండి. ఆ సౌకర్యం డ్రైవర్‌లో లేకపోతే మ్యాక్రో మార్చి మళ్లీ బిల్డ్ చేయండి. రింగ్ చిన్నదయ్యేకొద్దీ నిండటం, ఆగటం, లేవటం ఎక్కువసార్లు జరుగుతాయి.

రెండో అడ్డం బైట్ క్యూ లిమిట్స్. అది రింగ్ నిండకముందే క్యూ ఆపేస్తుంది కాబట్టి మీకు కావాల్సిన కోడ్ నడవనే నడవదు. లిమిట్ మిన్ ఫైల్లో మ్యాక్స్ అని రాస్తే పక్కకి తప్పుకుంటుంది. పీకేటీజెన్ మాడ్యూల్ వాడితే ఆ అవసరం కూడా లేదు. అది క్యూడిస్క్‌ని దాటి నేరుగా డ్రైవర్‌కే ప్యాకెట్లు పోస్తుంది, బైట్ లిమిట్స్ ఆపినా ఆగదు, డ్రైవర్ ఆపితేనే ఆగుతుంది.

చేతిలో బోర్డు లేనివాళ్లు క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఈ1000 కార్డు పెట్టుకుని సాధన చేయొచ్చు. డ్రైవర్‌లో శుభ్రం చేసే చోట క్యూని లేపే లైను తీసేసి బిల్డ్ చేయండి. రింగ్ నిండిన తొలిసారే క్యూ ఆగిపోతుంది. పైన చెప్పిన మూడు చూపులూ, నాలుగు అంకెలూ అక్కడ చదివి చూసుకుంటే, అసలు బోర్డు మీద చెయ్యి తడబడదు.

ఇక సవరణ పెట్టాక మా బోర్డులో చేసిన పరీక్ష: రింగ్ 32 గడులకి కుదించి, ఒకవైపు పీకేటీజెన్, మధ్యమధ్యలో దాన్ని ఆపి ఇంకోవైపు పెద్ద ఫైళ్ల కాపీ, ప్రతి పది నిమిషాలకీ ఇంటర్‌ఫేస్ డౌన్, అప్. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి వెళ్లిపోయాను. పొద్దున వచ్చి ట్రాఫిక్ ఆపి చూస్తే టీఎక్స్ టైమవుట్ 0, ఇన్‌ఫ్లైట్ 0, డీఎంఏ డీబగ్ ఎర్రర్ కౌంట్ 3. ఆ మూడూ డౌన్ చేసేటప్పుడు రింగ్‌లో మిగిలిన ప్యాకెట్లని అన్‌మ్యాప్ చేయకుండా వదిలేసే ఇంకో బగ్గువి. దానికి వేరే టికెట్ తెరిచాను.